సంక్రాంతి కార్డు ఎవరి పేరున చేయించాలి?

కావలి నుంచి రాసిన అమ్మగారికి నమస్కారం. కొడుకూ కోడలూ పనుల కోసం హైదరాబాదులో ఉండగా మీ దగ్గర పెరుగుతున్న మనవరాలు, యూకేజీ టీచర్ "అమ్మానాన్నలకు" సంక్రాంతి కార్డు చేయమన్నప్పటి నుంచి బడికి వెళ్ళనని ఏడుస్తోందని, ఏం చేయాలో తెలియడం లేదని రాశారు.

కార్డు మాన్పించమని అడగకండి. కాగితం కత్తిరించడం, జిగురు పూసి అతికించడం వల్ల రాతకు కావలసిన పట్టు వేళ్ళకు వస్తుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఆటపాటలతో కూడిన చదువే చెప్పమంది. మార్చవలసింది ఆ ఒక్క షరతునే. బడి వదిలాక, పాప పక్కన లేనప్పుడు టీచర్‌ను కలిసి, "నాకు ఇష్టమైనవారికి" అని తరగతి మొత్తానికీ చెప్పమని కోరండి. పాప ఒక్కదానికే మినహాయింపు ఇస్తే ఆ పసిమనసు ఇంకా నొచ్చుకుంటుంది. పొంగలి కుండ, చెరుకు గడలు టీచరే గీసి పిల్లలచేత రంగు మాత్రం వేయించే పద్ధతి నాకు అసలు నచ్చదు. కుండ వంకరగా వచ్చినా పాప గీసిందే ఉండాలి.

ఒక కార్డు మీకు, మరొకటి హైదరాబాదుకు చేయనివ్వండి. 5 రూపాయల తపాలా బిళ్ళ పాపచేతనే అంటింపజేసి, డబ్బాలో తననే వేయనివ్వండి. మే రెండో ఆదివారం వచ్చే మాతృ దినోత్సవం నాటికి మన బడులకు వేసవి సెలవులు కనుక, ఆ కార్డులు ఏప్రిల్‌లోనే చేయిస్తారేమో ఇప్పుడే అడిగి ఉంచండి.