ఫ్రెంచ్ ఒపేరా నాయికలకు గొప్ప సొప్రానోలు (ఎత్తు స్వరాలు పాడే గాయనులు) ఎలా ప్రాణం పోస్తారు?

భయపడుతూ పాడటం తెలిసుండాలండీ. పై స్వరాలు కసరత్తు చేస్తే వస్తాయి.

లాక్మే అని ఒక ఫ్రెంచ్ ఒపేరా, అంటే పాటలతో నడిచే నాటకం, నాయిక పేరూ అదే. యూట్యూబ్‌లో "లాక్మే గంటల పాట" అని వెతికి చూడండి. ఎవరు ఎంత పైకి వెళ్లారు, అక్కడ ఎంతసేపు నిలబడ్డారు, దాని మీద కామెంట్లలో కొట్లాట. మన టీవీ పాటల పోటీల్లో జడ్జీలు "హై పిచ్ అదరగొట్టావమ్మా" అంటారే, అదే జబ్బు. ఆ పిల్ల అసలు ఎందుకు పాడుతోందో ఒక్కడికీ పట్టదు.

కథ మన దేశంలోదే, బ్రిటిష్ వాళ్ల రోజులది. దెలీబ్ స్వరపరిచిన ఈ ఒపేరా 1883లో పారిస్‌లోని ఒపేరా-కొమిక్ అనే థియేటర్లో మొదటిసారి ఆడింది. మన ఆడవాళ్ల కాటుక డబ్బా మీద పేరు ఈవిడదే. నీలకంఠుడనే బ్రాహ్మణుడి కూతురు లాక్మే. తమ పవిత్ర స్థలంలోకి ఎవడో తెల్లవాడు చొరబడ్డాడని తండ్రికి తెలుసు, మొహం మాత్రం తెలియదు. కూతుర్ని సంతలో నిలబెట్టి పాడిస్తే ఆ గొంతు విని వాడే బయటపడతాడని ఆయన ఎత్తు. బయటపడితే చంపుతాడు. ఆ పిల్లకేమో వాడంటే ఇష్టం. ఇప్పుడు చెప్పండి, ఇది కచేరీయా?

2022లో అదే ఒపేరా-కొమిక్‌లో సబీన్ దెవియెయ్ అనే సొప్రానో లాక్మేగా పాడుతుంటే వెళ్లాను. అన్నిటికంటే చవక టికెట్టు, పై అంతస్తు, స్టేజీ సగమే కనపడుతుంది. మంచిదే అయింది, చెవులకి పని పెరిగింది. పాట మొదట్లో వాద్యాలుండవు, మాటలూ ఉండవు, ఒట్టి గొంతు. తర్వాత ఒక మాలపిల్ల అడవిలో గంటలు మోగించి మృగాల బారి నుంచి విష్ణువుని కాపాడిన కథ, ఆ గంటల్ని గొంతుతో మోగించడం. అయిపోగానే హాలంతా చప్పట్లు.

సరిగ్గా అక్కడే తండ్రి మళ్లీ పాడమంటాడు. తెల్లవాడు ఇంకా దొరకలేదు మరి. మా గుంటూరు వైపు కాటిసీనులో వన్స్‌మోర్ అని అరిస్తే చంద్రమతి చచ్చిన కొడుకుని పక్కన పెట్టి రాగం అందుకునేది. ఇక్కడ వన్స్‌మోర్ కొట్టేది కన్నతండ్రి. లాక్మే మళ్లీ ఎత్తుకుంటుంది, అదే వరస, కానీ ముక్కలుముక్కలుగా. దెవియెయ్ గొంతు ఆ ముక్కల మధ్య ఎక్కడికో పోయి వస్తున్నట్టుంది. ఇందాక గంటలకి తలూపుతూ వేళ్లతో తాళం వేసిన పక్కసీటు పెద్దాయన ముందున్న కమ్మీ పట్టుకుని వంగిపోయాడు. జనంలో వాణ్ణి చూసి ఆ పిల్ల కేక పెట్టి తూలిపోతుంది. ఇందాక చప్పట్లు కొట్టినందుకు నాకు ఒళ్లు మండింది, నా మీద కాదు, హాలు మొత్తం మీద.

బయటికొచ్చేటప్పుడు ఆ పెద్దాయన నన్ను పట్టుకుని, విష్ణువు బ్రహ్మ కొడుకేనా అని అడిగాడు. పాటలో అలాగే రాశారు మహానుభావులు! నా వచ్చీరాని ఫ్రెంచిలో నాభికమలం వివరించేసరికి తాతలు దిగొచ్చారు. ఆయన మాత్రం, అయితే మా వాళ్లు తిరగేసి రాశారన్నమాట అని తేల్చేశాడు.

ఫ్రెంచ్ వాళ్ల నాయికలంతా ఇంతేనని నా గట్టి నమ్మకం. అరిచే చోట కాదు, గొంతు తగ్గే చోట బతుకుతారు. మాస్నే స్వరపరిచిన "మానోన్" ఒపేరాలో నాయిక మానోన్ ప్రియుణ్ణి మోసం చేయబోతూ, ఇద్దరూ ఒకే గ్లాసుతో తాగిన చిన్న బల్లకి వీడ్కోలు చెబుతుంది. అందులో గొంతు బలం చూపించారా, పాట చచ్చింది. లాక్మే కూడా చివర్లో ఉమ్మెత్త పువ్వు కొరికాక పెద్దగా ఆర్భాటమేమీ చేయదు.

నతాలీ దెస్సే అనే ఫ్రెంచ్ సొప్రానో ఈ రెండు పాత్రలూ చేసింది. నటన నేర్చుకోబోయి పాటలో పడిన మనిషి, అందుకే ఆవిడకి ఇవన్నీ విడిగా చెప్పక్కర్లేదు. 2013లో తులూజ్‌లో మానోన్‌గానే పాడి ఒపేరా వేదిక దిగిపోయింది. 1990లలో మిషెల్ ప్లాసోన్ సంచాలకత్వంలో ఆవిడ పాడిన లాక్మే పూర్తి రికార్డింగు ఉంది, అది వినండి. విడి పాటల ఆల్బమ్ వద్దు, అందులో గంటలు ఆగగానే కోసేస్తారు, తండ్రి మళ్లీ పాడమనే ముక్క ఉండదు.