ప్రో నోటు మీద నాన్న సంతకం, కంప్యూటర్ చెప్పిన 94 శాతం

ప్రశ్న: మాది కొండపి దగ్గర పల్లె. పొగాకు రైతు అయిన మా నాన్న నిరుడు చనిపోయారు. ఆయన 4 లక్షలు తీసుకున్నారంటూ 2023 నాటి ప్రో నోటుతో ఒకాయన ఈ ఏడాది ఒంగోలు కోర్టులో దావా వేశాడు. ఆ సంతకం నాన్నది కాదు. ఒక ప్రైవేటు నిపుణుడు మాత్రం నోటు ఫోటోను సాఫ్ట్‌వేర్‌లో పెట్టి 94 శాతం కలిసిందని రిపోర్టు ఇచ్చాడు. రాజీ పడమంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు టెన్షన్ పడకండి. ఆ 94 చూసి రాజీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. నోటు మీద ఉన్నది మీ నాన్నగారి సంతకమేనని రుజువు చేసుకోవాల్సింది దావా వేసినాయనే, అది తేలాకే డబ్బు ముట్టిందా లేదా అన్న మాట.

కంప్యూటర్‌తో దస్తూరి పోల్చడం ఉత్తుత్తి విద్యేం కాదు. అమెరికాలో బఫెలో యూనివర్సిటీ ప్రొఫెసర్ శ్రీహరి గారి బృందం దాదాపు 1,500 మందితో ఒకే ఇంగ్లీషు ఉత్తరాన్ని మూడేసిసార్లు రాయించి, అక్షరాల వాలు, ఎత్తు, వంపులు లెక్కగట్టి, ఏ రాత ఎవరిదో కంప్యూటర్ చాలావరకు సరిగ్గానే పట్టగలదని 2002లో చూపించింది. కాకపోతే అక్కడ అందరూ ఎవరి రాత వాళ్లు రాశారు, అదీ నిండు ఉత్తరం. మీ కేసులో ఉన్నది ఒక్క తెలుగు సంతకం, దాన్ని ఎవరో దిద్దారనేది మీ అనుమానం. అసలు సంతకం మీద కాగితం పెట్టి దిద్దితే ఆకారం కలవకుండా ఎక్కడికి పోతుంది? దొంగతనం గీత నడకలో దొరుకుతుంది. ఒక్క ఊపులో పోవాల్సిన ఒత్తు దగ్గర పెన్ను ఆగి సిరా చుక్క కడుతుంది, గీత సన్నగా వణుకుతుంది, మధ్యలో పెన్ను ఎత్తి మళ్లీ అతికించిన చోటు తెలుస్తుంది. ఇవన్నీ అసలు నోటును లెన్స్ కింద పెడితే కనపడేవి, ఫోన్ ఫోటోలో చాలావరకు పోతాయి.

దావా ఈ ఏడాదిది కాబట్టి 2024 జులై 1న అమల్లోకి వచ్చిన కొత్త సాక్ష్యాల చట్టం, భారతీయ సాక్ష్య అధినియం, వర్తిస్తుంది. సెక్షన్ 39 కింద నిపుణుడి అభిప్రాయం సాక్ష్యమే, కానీ రిపోర్టు దాఖలు చేసి ఊరుకుంటే కుదరదు, ఆయన బోనెక్కి దేన్ని దేనితో పోల్చాడో చెప్పి మీ లాయరు క్రాస్‌కు, అంటే ఎదురు ప్రశ్నలకు, నిలబడాలి. ఇలాంటి అభిప్రాయాన్ని జాగ్రత్తగా తూచి చూడాలని సుప్రీంకోర్టు మురారి లాల్ కేసులోనే చెప్పింది. నాన్నగారు సంతకం చేస్తుండగా చూసి ఆ రాత బాగా ఎరిగిన వాళ్లు, మీ అమ్మగారైనా సరే, సెక్షన్ 41 కింద సాక్ష్యం చెప్పొచ్చు. సెక్షన్ 72 కింద జడ్జిగారు స్వయంగానూ పోల్చి చూడొచ్చు.

సమన్లు అందిన 30 రోజుల్లోపు జవాబు దాఖలు చేయించండి, సంతకం ఫోర్జరీ అని అందులో సూటిగా రాయాలి. తర్వాత అసలు నోటును ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపమని పిటిషన్ వేయించండి. నాన్నగారు లేరు కాబట్టి కొత్త సంతకాలు తీసుకునే దారి లేదు. అందుకే 2022, 2023 నాటివి వెతకండి: పొగాకు బోర్డు రిజిస్ట్రేషన్ కాగితాలు, బ్యాంకు లోన్ ఫారాలు, రిజిస్ట్రార్ ఆఫీసు దస్తావేజులు. ఆఫీసుల్లో ఉన్నవాటిని కోర్టు ద్వారా తెప్పించొచ్చు. మీ దగ్గరున్న అసలు కాగితాలను మాత్రం రాజీ మాటలకొచ్చే ఎవరి చేతికీ ఇవ్వకండి.

ఒకవేళ దావా వేసినాయనే గెలిచినా, నాన్నగారి నుంచి మీకు వచ్చిన ఆస్తి మేరకే వసూలు చేసుకోగలరు, మీ సొంత సంపాదన జోలికి రాలేరు.