సుందర్‌బన్స్‌కు ఒంటరిగా వెళ్లేవారు ఏ పడవ ఎంచుకోవాలి?

పశ్చిమ బెంగాల్‌లోని సుందర్‌బన్స్ మడ అడవికి ఒంటరిగా వెళ్లి పడవ మీద నుంచి అడవి జంతువులను చూడాలనుకుంటున్నారనీ, ఏసీ గదులున్న పెద్ద పడవ మేలా చిన్న పడవ మేలా తేల్చుకోలేకపోతున్నారనీ, ఒక్కరికే అంత ఎక్కువ ఎందుకు అడుగుతున్నారో అర్థం కావడం లేదనీ రాశారు. కోరంగి మడ అడవికి దగ్గరలో పుట్టి పెరిగి, సెలవు దొరికినప్పుడల్లా ఒంటరిగానే తిరిగే మనిషిని కాబట్టి ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. గది ఎలా ఉందో చూసి పడవ ఎక్కకండి. మీతోపాటు ఎవరెవరు ఎక్కుతున్నారో, గైడు ఎలాంటివాడో కనుక్కుని ఎక్కండి.

సుందర్‌బన్స్‌లో మిగతా అడవుల్లోలాగా జీపులో తిరగడం ఉండదు. సజ్నేఖాలి, సుధన్యఖాలి, దొబాంకి వంటి చోట్ల కంచె వేసిన వాచ్‌టవర్ల దగ్గర తప్ప పర్యాటకులు అడవి నేల మీద కాలు మోపకూడదు. చూసేదంతా పడవలోంచే చూడాలి. అందువల్ల పడవ ఎక్కడ ఆగాలి, ఎంతసేపు ఆగాలి, భోజనానికి ఎప్పుడు వెనక్కి తిప్పాలి అనేవన్నీ అందులో ఎక్కువమంది ఉన్న గుంపు మాట ప్రకారమే జరుగుతాయి. ఒకే కుటుంబానికి చెందిన ఇరవైమంది మధ్య మీరొక్కరే పరాయివారైతే, ఇంకో పది నిమిషాలు ఇక్కడే ఉందామన్న మీ మాట ఎవరి చెవికీ ఎక్కదు. నలుగురితో నారాయణా అనుకోవడం పెళ్లిళ్లలో బాగుంటుంది గానీ, అంత దూరం వెళ్లి అడవిని చూడాలనుకునేవారికి అది పనికిరాదు. వన్యప్రాణులకు పేరొందిన గాలపగోస్ దీవులలో ఒక గైడు వెంట 16 మందికి మించి ఉండకూడదన్న నియమం ఉంది. మన దగ్గర అలాంటి పడవ కావాలంటే మనమే వెతుక్కోవాలి.

ఒక చలికాలపు ఉదయం నేను వెళ్లిన పడవలో ఉన్నది కొద్దిమందిమే, అందరమూ దాదాపు పక్షుల కోసం వచ్చినవాళ్లమే. నీరు బాగా తీసి, రెండు వైపులా బురద గట్లు నిగనిగలాడుతూ బయటపడి ఉన్నాయి. గైడు ఇంజను ఆపించి, పడవను ఆటు లాగుతున్న వైపుకే వదిలేశాడు. చప్పుడు ఆగగానే బురద మీద ఒక డెక్క మాత్రమే పెద్దదిగా ఉన్న ఎర్ర పీతలు బొరియల్లోంచి ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. రెక్కల మీద బరువు మోపి బురదలో పాకే చిన్న చేపలు ఒకదాన్నొకటి తరుముకోసాగాయి. అప్పటిదాకా దుంగ అనుకున్నది మొసలి అని తెలిసింది. అప్పుడు గైడు గొంతు తగ్గించి, హెంతాల్ అనే ఈతజాతి చెట్ల పొదల్లోంచి నీటిదాకా దిగి వచ్చిన అడుగుజాడలను చూపించాడు. అరచేయంత ఉన్న ఆ గుంటల అంచులు ఇంకా విరగలేదు, అడుగున నీరు అప్పుడే ఊరుతోంది. పోటు వచ్చినప్పుడల్లా ఆ గట్టంతా మునిగి పాత గుర్తులన్నీ కొట్టుకుపోతాయి కాబట్టి, నీరు తీసిన తరువాతే పులి ఇటు దిగి కాలువ ఈది అవతలికి పోయిందని ఆయన వివరించాడు. అవతలి గట్టు మీద పైకెక్కిన జాడ కూడా ఉంది. పులిని చూడకుండానే, కొద్ది గంటల క్రితం అది ఏం చేసిందో పూసగుచ్చినట్టు తెలిసింది.

అంతలో రెండంతస్తుల పడవ ఒకటి పెద్ద స్పీకరులో పాటలు పెట్టుకుని వచ్చింది. మొసలి నీళ్లలోకి జారిపోయింది, పీతలు బొరియల్లో దూరాయి, ఆ పడవ లేపిన అలలు గట్టుకు కొట్టుకుని నీటి అంచున ఉన్న అడుగుజాడలను చెరిపేశాయి. పులి ఎక్కడ, పులి ఎక్కడ అని కేకలు వేస్తూ వాళ్లు ముందుకు సాగిపోయారు. అడవిని వనభోజనాల తోటగా మార్చే ఈ పద్ధతి తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. భారతదేశపు సుందర్‌బన్స్‌లో 2022 అంచనా ప్రకారం ఉన్నవి సుమారు 100 పులులు. అవి వేల చదరపు కిలోమీటర్ల మడ అడవిలో, బురద రంగులో కలిసిపోయే పొదల మధ్య తిరుగుతుంటాయి. పులి తప్పక కనిపిస్తుందని ఎవరైనా హామీ ఇస్తే ఆ పడవను అక్కడితో వదిలేయండి.

ఫోనులో పడవవాళ్లను అడగవలసిన మొదటి ప్రశ్న, బురద గట్లు బయటపడే ఆటు ఆ రోజుల్లో ఏ వేళకు వస్తుందన్నది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు ఉంటాయి; అవి రోజూ ముందురోజుకంటే సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. దాన్నిబట్టి బయలుదేరే వేళ మార్చే మనిషికి అడవి తెలిసినట్టే. రోజూ ఒకే వేళకు బయలుదేరి, ఒకే వేళకు తిరిగొచ్చే కార్యక్రమం వంటవాడి సౌకర్యం కోసం తయారైనది. మొసళ్లు ఎండ కాచుకునే డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్లండి, శని ఆదివారాలు మాత్రం వద్దు.

డబ్బు సంగతికి వస్తే, పడవ అద్దె, డీజిలు, గైడు ఖర్చు మనుషులు తగ్గినా తగ్గవు, పైగా ధరలన్నీ గదికి ఇద్దరు చొప్పున లెక్కవేస్తారు. మీరొక్కరే గది తీసుకుంటే రెండో మంచం డబ్బు కూడా మీ నెత్తిన పడుతుంది. రాత్రి పడవలోనే పడుకునే యాత్రలో ఇది మరీ ఎక్కువ. ఒడ్డున దీవి మీద సాదా బసలో ఉంటూ పగలు చిన్న పడవలో తిరిగే ఏర్పాటు అయితే తక్కువలో తేలుతుంది. చీకటి పడితే అడవి కాలువల్లో ఎలాగూ తిరగనివ్వరు కాబట్టి జంతువుల విషయంలో మీరు పోగొట్టుకునేదీ ఉండదు. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్లడానికి కూడా నాకు ఇదే నయమనిపించింది, తలుపుకు లోపలి గడియ, మనకంటూ ఒక స్నానాలగది ఉంటాయి.

కనీసం ఎంతమంది చేరితే పడవ కదులుతుందో, చేరకపోతే డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. ఒంటరిగా బుక్ చేసుకున్నవారినే చివరి నిమిషంలో మరో గుంపులోకి నెట్టేస్తుంటారు. అలా మార్చబోయే ముందు మీ అంగీకారం తీసుకోవాలని కూడా రాయించుకోండి, మిగిలిన సొమ్ము పడవ ఎక్కే గోద్‌ఖాలి రేవులో పడవనూ తోటి ప్రయాణికులనూ చూశాకే ఇవ్వండి.