వెళ్ళొస్తానని చెప్పకండి, వెళుతున్నానని చెప్పండి

ప్రశ్న: నేను గుంటూరు జిల్లాకు చెందిన నర్సును. వయసు 26. మా సంఘం పంపగా, మరో ఏడుగురితో కలిసి ఆఫ్రికాలో, దక్షిణ మలావీలోని ఒక మిషను ఆసుపత్రిలో పది వారాలుగా సేవ చేస్తున్నాను. ఇంకా తొమ్మిది రోజులే మిగిలాయి. కాలిన గాయాలతో చేరి, అమ్మమ్మ తోడుగా ఉన్న ఏడేళ్ల పాప నన్ను వదలడం లేదు. ఏడుస్తుంటే చూడలేక, వచ్చే ఏడాది మళ్ళీ వస్తానని మాట ఇచ్చేశాను. ఇక్కడే ఉండిపోవాలని, ఇదే దేవుని పిలుపని నాకు అనిపిస్తోంది. ఇంటి దగ్గర నాన్నగారేమో నేను దిగిన వారానికే పెళ్ళిచూపులు ఏర్పాటు చేశారు. ఏం చేయాలో తోచడం లేదు.

జవాబు: సోదరీ, మీ ఉత్తరంలో మూడు విషయాలు పెనవేసుకుని ఉన్నాయి కానీ, ఈ తొమ్మిది రోజుల్లో తేలవలసింది ఆ పాప సంగతి ఒక్కటే. పిలుపు, పెళ్ళి కొంతకాలం ఆగగలవు. మీరు బండి ఎక్కిన మరునాడు కూడా ఆ పాప అదే మంచం మీద ఉంటుంది, కట్టు మార్చే వేళకు తలుపు వైపే చూస్తుంది.

గడప దాటేటప్పుడు మనం “వెళ్తాను” అనం, “వెళ్ళొస్తాను” అంటాం. అది మర్యాద కోసం అనే మాటేనని అవతలి తెలుగువారికి తెలుసు. అక్కడి భాష చిచేవా మాట్లాడేవారి మధ్య పది వారాలు గడిపిన మీరు వారి పద్ధతి గమనించే ఉంటారు. వెళ్ళేవారు “త్సలాని బ్వినో”, అంటే మంచిగా ఉండండి అంటారు. ఉండిపోయేవారు “పితాని బ్వినో”, అంటే మంచిగా వెళ్ళండి అంటారు. ఆ రెండు మాటల్లోనూ తిరిగి రావడం అనే ఊసే లేదు. మీరు ప్రేమతోనే మాట ఇచ్చారు, అందులో నాకు అనుమానం లేదు. అయితే టికెట్టు, సెలవు, సంఘం నిర్ణయం, పెళ్ళి, వీటిలో ఏదీ మీ చేతిలో లేనప్పుడు ఇచ్చిన ఆ మాటను పాప నెలల తరబడి మోయవలసి వస్తుంది. సేవకు వచ్చిన ప్రతి బృందమూ అలాగే చెప్పి వెళితే, పిల్లలకు చివరికి ఎవరి మాట మీదా నమ్మకం మిగలదు.

అందుచేత ఆ మాటను మీ నోటితోనే వెనక్కి తీసుకోండి. అంతకంటే ముందు పాప వాళ్ళ అమ్మమ్మ దగ్గరకు వెళ్ళండి. ఆ దేశపు ఆసుపత్రుల్లో రోగితో పాటు ఉండి, వండిపెట్టి, బట్టలుతికే బంధువును ‘గార్డియన్’ అంటారు కదా. మీరు వెళ్ళాక పాపకు అండగా నిలిచేది ఆ ‘అగోగో’యే, అంటే ఆ అమ్మమ్మే. గార్డియన్లు వండుకునే చోట, ఆమె ‘న్సిమా’ (మొక్కజొన్న పిండి ముద్ద) కలుపుతుండగా పక్కన కూర్చుని, ఏ రోజు వెళుతున్నారో, పాపకు ఏ విధంగా చెప్పాలో ఆమెనే అడగండి. ఆ తర్వాత ఆమె సమక్షంలోనే పాపతో చెప్పండి: “మళ్ళీ వస్తానన్నాను, అది నా చేతిలో లేదు, తొందరపడి అన్నాను, నన్ను క్షమించు.” పాప ఏడుస్తుంది, మీరూ ఏడుస్తారు. ఏడవనివ్వండి. బైబిల్లో, మిలేతులో ఎఫెసు సంఘ పెద్దల దగ్గర సెలవు తీసుకున్నప్పుడు పౌలు తన ముఖం వారు ఇక చూడరని దాచకుండా చెప్పాడు, వారు అతని మెడ మీద పడి ఏడ్చారు. ఓదార్పు కోసం అతడు ఒక్క అబద్ధం ఆడలేదు.

చివరి నాలుగు రోజులు కట్టు మీరు మార్చవద్దు. వార్డులోని నర్సు మారుస్తుంటే మీరు పాప చేయి పట్టుకుని కూర్చోండి. మొదటి రోజు మంచం మీదే, మరునాడు పక్కన కుర్చీలో, ఆ తర్వాత తలుపు దగ్గర. ఏ క్షణంలో పాప కాలు ముడుచుకుంటుందో, ఏ పాట పాడితే మళ్ళీ చాపుతుందో ఆ నర్సుకు నేర్పండి. మీరు పంచగల బొమ్మలన్నిటి కంటే ఆ పాపకు అది విలువైనది.

ఇక పిలుపు. ఆ భారం నిజమైనదే కావచ్చు, దాన్ని నేను తేలిక చేయను. 1903లో నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యగారు నాటాల్ తోటల్లోని తెలుగు కూలీల కోసం దక్షిణాఫ్రికా వెళ్ళారు. కేర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం ఆయన వల్లే మొదలైంది. ఆయనను పంపింది ఇక్కడి తెలుగు బాప్టిస్టుల మిషన్ సొసైటీయే. అంటే ఆ పిలుపును స్వదేశంలో పదిమంది కలిసి తూచి, బాధ్యత తీసుకుని పంపారు. మీరూ తిరిగి వచ్చి, కనీసం ఆరు నెలలు మీ ఉద్యోగంలో ఉండండి. అప్పటికీ ఆ భారం తగ్గకపోతే పాస్టరుగారితోను, ఆ ఆసుపత్రి వారితోను మాట్లాడండి. అక్కడ నర్సుగా పనిచేయాలంటే ఆ దేశపు నర్సుల మండలిలో నమోదు కావాలి, దానికీ సమయం పడుతుంది.

నాన్నగారికి మాత్రం బయలుదేరే లోపే ఫోను చేయండి. పెళ్ళి వద్దనకండి, “ఒక్క నెల గడువివ్వండి నాన్నా, వచ్చే అబ్బాయికి నా మనసులో ఉన్నది ముందే చెప్పాలి” అనండి. దూరదేశంలో ఉన్న కూతురి మీద బెంగతోనే ఆయన తొందరపడుతున్నారని నాకు అనిపిస్తోంది. మలావీని తప్పించుకునే దారిగానో, పెళ్ళిని తలుపు మూసేదిగానో చూస్తే ఆ అబ్బాయికీ అన్యాయమే.

ఇంటికి వచ్చాక కొన్ని వారాలు ఏదీ రుచించదు. విందులో విస్తళ్ళలో మిగిలిపోయిన అన్నం చూసి ఎవరి మీదనో తెలియని కోపం వస్తుంది. ఆ కోపం అమ్మ మీద చూపకండి, బృందంలోని ఏడుగురితో పంచుకోండి. నర్సుగా మీకు తెలిసిందే అయినా చెబుతున్నాను: మలేరియా మాత్రలు డాక్సీసైక్లిన్ అయితే వచ్చాక కూడా 4 వారాలు వాడాలి, తర్వాత నెలల్లో జ్వరం వస్తే మలావీ వెళ్ళివచ్చానని డాక్టరుకు మొట్టమొదట చెప్పాలి.

వచ్చిన ఆదివారమే సంఘంలో సాక్ష్యం, అంటే అక్కడి మీ అనుభవం, చెప్పమంటారు. రెండు వారాలు ఆగి చెప్పండి. కట్లతో ఉన్న ఆ పాప ఫొటో తెర మీద వేయకండి. మీ సంఘంలో ఏ తల్లీ తన బిడ్డను అలా చూపనివ్వదు. మీరు రాకముందు నుంచీ ఆ వార్డులో రాత్రి డ్యూటీలు చేస్తున్న మలావీ నర్సుల గురించి చెప్పండి.