నాజర్ బుర్రకథలు కావాలంటే ముందు మైకుసెట్టు వాళ్ల ఇంటికి వెళ్లండి

షేక్ నాజర్ గారి బుర్రకథల రికార్డులు, ఆయన కనిపించే సినిమాలు పోగుచేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంత ఖర్చవుతుంది అని అడిగారు. ఖర్చు సంగతి ముందే చెప్పేస్తాను. నాకు వస్తువుల కన్నా బస్సు చార్జీలకే ఎక్కువైంది. ఉండేది అమలాపురం పక్కన. ఆయనేమో గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. ఈ పిచ్చి పట్టి పద్నాలుగేళ్లయింది.

అందరిలాగే నేనూ సినిమాతోనే మొదలుపెట్టాను. 1954లో వచ్చిన ‘అగ్గిరాముడు’లో నాజర్ దళం చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ ఉంది. ఎన్టీఆర్, భానుమతి నటించిన పక్షిరాజా వారి చిత్రం అది. మా గోదావరి జిల్లాల్లో ఆ ఘట్టం మీద మక్కువ ఎక్కువ. రాజు గారి పూర్వీకుల ఊరు మోగల్లు భీమవరానికి దగ్గరే మరి. మా నాన్నగారు బుర్రకథ వరకే చూసి లేచి వచ్చేసేవారట, అదీ నాలుగుసార్లు. నేను కొన్న వీసీడీలో మాత్రం సరిగ్గా ఆ కథ మధ్యలోనే మొదటి డిస్కు అయిపోతుంది. కథకుడి పక్కన నిలబడే వంతలు ‘తందాన తాన’ అందుకునేలోగా లేచి రెండోది పెట్టాలి. తరవాత ఇంకో చోట కొన్న కాపీలో బుర్రకథ సగానికి సగం కోసేశారు. అందుకని డబ్బిచ్చే ముందు నిడివి చూడండి. వీలైతే ఆ ఘట్టం వేయించుకుని చూడండి.

అయితే సినిమాలో దొరికేది కొద్ది నిమిషాల నాజరే. పాత గ్రామఫోను ప్లేటైతే ఒక్కో వైపు మూడు నిమిషాలు. గంటల తరబడి సాగే కథను అందులో కుదించాలంటే ముందుగా పోయేది వంతల మాటలు. కథకుడు తంబురా భుజానికెత్తుకుని, వేళ్లకు అందెలు తొడుక్కుని మధ్యలో నిలబడతాడు. ఒక పక్క హాస్యం వంత, ఇంకో పక్క రాజకీయం వంత, ఇద్దరి చేతుల్లోనూ వాయించే గుమ్మెటలు. కథ ఊపందుకున్న చోట హాస్యగాడు అడ్డం పడతాడు, రాజకీయం చెప్పేవాడు ఆ వారం ఊళ్లో నలిగే సంగతి ఎత్తుకుంటాడు. నా లెక్కన ఆ ముగ్గురూ ఉంటేనే అది బుర్రకథ. కేవలం నాజర్ గొంతు చాలనుకుంటే సినిమాతో ఆగిపోవచ్చు.

అసలు సరుకు మైకుసెట్టు వాళ్ల ఇళ్లలో ఉంటుంది. తీర్థాలకూ పండగలకూ మైకు కట్టినవాళ్లు ఆంప్లిఫయరు నుంచి తీగ లాగి, ఆ రాత్రి కార్యక్రమాన్ని క్యాసెట్టులోకి ఎక్కించుకునేవారు. రాజోలు వైపు అలాంటి ఒకాయన పోయారని తెలిసి వెళ్లాను. ఇనప్పెట్టె నిండా క్యాసెట్లు. “ఇవన్నీ తూకానికి ఇచ్చేద్దామనుకుంటున్నాం బాబూ” అన్నారు ఆయన భార్య. “ఆగండి పిన్నిగారూ, నేను తీసుకుంటాను, ధర చెప్పండి” అన్నాను. “ధరకేముంది గానీ, వీటిలో మీ బాబాయిగారి గొంతు ఎక్కడైనా ఉందేమో చూడు” అన్నారు.

కోనసీమ తేమ సంగతి మీకు తెలిసే ఉంటుంది. సగం టేపులకు తెల్లటి బూజు. తొందరపడి ఒకటి మంచి ప్లేయరులో వేశాను. దాని హెడ్డు పాడైంది, టేపు నలిగి చుట్టుకుపోయింది. ఆ తరవాత నేర్చుకున్నదేమిటంటే, బూజు పట్టిన దాన్ని ముందు విప్పాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని, వరండాలో కూర్చుని, మెత్తటి పొడిగుడ్డతో మెల్లగా తుడవాలి. తరవాత టేపు చుట్టలు రెండింటినీ అయిదు మరలుండే ఖాళీ పెట్టెలోకి మార్చాలి. ప్లేట్ల దగ్గర ఇంకో తప్పు చేశాను: ఒక పాత బుర్రకథ ప్లేటును స్పిరిట్‌తో తుడిచాను. అవి లక్కతో చేసినవి, స్పిరిట్ తగిలితే కరుగుతాయి. మెరుపుతో పాటు పాటా పోయింది.

క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మొదట ఒక దుకాణానికి ఇచ్చాను. గుర్ గుర్ మనే చప్పుడు తీసేస్తామన్నారు, తీసేశారు. దాంతో పాటు అందెల గలగలా పోయింది. మొదట్లో చందాదారుల పేర్లు చదివిన నాలుగు నిమిషాలూ, మధ్యలో వంత హాస్యమూ ‘అనవసరం’ అని కోసేశారు. అదృష్టం కొద్దీ అసలు టేపు నా దగ్గరే ఉంది. దాని మీద తేదీ లేదు, ‘బొబ్బిలి’ అని మాత్రం పెన్సిలుతో రాసి ఉంది. మొత్తం వింటే, మైకులో పరిచయం చేసినాయన ‘పద్మశ్రీ’ అన్నాడు. నాజర్‌కు పద్మశ్రీ వచ్చింది 1986లో. ఆయన పోయింది 1997లో. అంటే ఆ రాత్రి ఈ రెంటి మధ్యదే. ఇంకో టేపులో రాజకీయం వంత రెండు రూపాయల బియ్యం మీద ఛలోక్తి విసిరాడు. ఆ పథకం 1983లో వచ్చింది కనుక అది అంతకు ముందుది కాదు. కోసిపారేసిన చోటే నాకు లెక్క దొరికింది. అందుకే ముడి కాపీ ఒకటి ఏమీ ముట్టుకోకుండా దాచండి. శుభ్రం చేసిన కాపీ దానికి అదనం.

ఇంకొకటి. బుర్రకథ కనిపిస్తే చాలు, నాజర్ పేరుతో చీటీ అతికించి అమ్మేవాళ్లున్నారు. అదే కథను చాలా దళాలు చెప్పాయి. కొనే ముందు ఆయన ఆత్మకథ ‘పింజారి’ చదవండి. ఆయన చెబుతుంటే అంగడాల వెంకటరమణమూర్తి రాశారు. ఏ కథ ఎవరితో, ఎలా మొదలైందో తెలిస్తే చెవి దానంతటదే పట్టేస్తుంది.

దాచడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ప్లేట్లు నిలువుగా పెట్టండి, వర్షాలకు ముందు సిలికా పొట్లాలు మార్చండి, గోదావరి పెరిగే రోజుల్లో కింది అరలో ఏమీ ఉంచకండి.

పిన్నిగారి విషయం చెప్పలేదు కదా. ముప్పై ఒకటో క్యాసెట్టులో దొరికింది. నాజర్ తంబురా శ్రుతి చేసుకుంటుంటే వెనక నుంచి ఒక గొంతు: “హలో, హలో... ఒకటి, రెండు... ఒరే, ఆ హారను కాస్త గుడి వైపు తిప్పు.” దాన్ని ఆవిడ ఫోనులో వేసిచ్చాను.

మీరు ఇటు వస్తే నా దగ్గరున్నవన్నీ కాపీ చేసుకోవచ్చు. వచ్చేటప్పుడు అయిదు మరల ఖాళీ క్యాసెట్లు ఓ పది తెచ్చిపెట్టండి, ఇక్కడ దొరకడం లేదు.