పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్ బిల్డ్‌లో నడుస్తుందా, బోర్డు మీదా?

చిన్న బోర్డులకు లినక్స్ ఇమేజ్ తయారుచేసే యోక్టోలో, ఒక్కో ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలు రెసిపీ; ప్యాకేజీ దిగాక నడిచేది పోస్ట్‌ఇన్‌స్టాల్ స్క్రిప్ట్. అది బోర్డు మీద నడుస్తుందనుకుంటే, బిల్డ్‌లోనే ‘పర్మిషన్ డినైడ్’ అని ఆగిపోతోందని ఒకరు అడిగారు. మామూలుగా అది నడిచేది మీ బిల్డ్ మెషిన్‌లోనే మరి. రూట్‌ఎఫ్‌ఎస్ (బోర్డు మీదకెళ్లే మొత్తం ఫైల్ సిస్టమ్) కట్టే దశలో ప్యాకేజీలన్నీ ఒక ఫోల్డర్‌లోకి దిగుతాయి, ఆ ఫోల్డర్ దారి ‘డి’ అనే వేరియబుల్‌లో ఉంటుంది. మీరు దాన్ని వదిలేసి నేరుగా ఈటీసీలో (సెట్టింగుల ఫోల్డర్) రాయమంటే, స్క్రిప్ట్ మీ ల్యాప్‌టాప్ ఈటీసీ మీదకే పోతుంది. దారికి ముందు డాలర్ డి తగిలించండి. బోర్డు మీద అది ఖాళీగా ఉంటుంది కాబట్టి అదే లైను అక్కడా పనికొస్తుంది.

యూజర్లు, సర్వీసుల ఎనేబుల్, ఫాంట్ క్యాష్ లాంటివి బిల్డ్‌లోనే అయిపోవడం మంచిది. బోర్డు బోర్డుకీ మారాల్సినవే తంటా. మేం గుణుపురం చుట్టుపక్కల రైస్ మిల్లుల కాటాలకు చిన్న బోర్డులు పెడతాం, లారీ బరువు చదివి మా సర్వర్‌కి పంపుతాయి. బయట నుంచి తెచ్చుకున్న ఒక రెసిపీలో బోర్డు ఐడీ పుట్టించే లైను పోస్ట్‌ఇన్‌స్టాల్‌లో ఉంది. ఇమేజ్ తయారైనప్పుడే ఐడీ పుట్టేసింది, ఇంక అన్ని బోర్డులకీ అదే. ఒక మిల్లు ధాన్యం లారీ ఇంకో మిల్లు లెక్కలో పడితే ఓనర్లు ఊరుకుంటారా!

అలాంటి పనిని ‘పీకేజీ_పోస్ట్‌ఇన్‌స్ట్_ఆన్‌టార్గెట్’లోకి మార్చండి, మొదటి బూట్‌లో నడుస్తుంది. పాత బ్లాగుల్లో స్క్రిప్ట్ ‘ఎగ్జిట్ 1’ (ఫెయిలయ్యానని చెప్పడం) ఇస్తే పని మొదటి బూట్‌కి వాయిదా పడుతుందని రాసి ఉంటుంది, ఇప్పుడు బిల్డే ఫెయిలవుతుంది. 2021లో వచ్చిన యోక్టో 3.4 నుంచి ప్యాకేజీ పేరుకి ముందు అండర్‌స్కోర్ బదులు కోలన్ పెట్టాలి, అదీ చూసుకోండి.

మా వైపు వానాకాలంలో కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. మొదటి బూట్ మధ్యలో పోతే, తర్వాతి బూట్‌లో స్క్రిప్ట్ మళ్లీ మొదటి నుంచీ నడుస్తుంది. అందుకని ఐడీని తాత్కాలిక ఫైల్లో రాసి, సింక్ కమాండ్ కొట్టి (డేటా డిస్క్ మీదకి చేరేలా), చివర్లో అసలు పేరుకి మార్చండి. ఐడీ ఫైలు ముందే ఉంటే ముట్టుకోకండి. మేమైతే మొదటి బూట్ షాపులోనే చేయించి, ఐడీ స్టిక్కర్ అంటించాకే మిల్లుకి పంపుతాం.

రూట్‌ఎఫ్‌ఎస్‌ని రీడ్-ఓన్లీగా పెట్టుకుంటే మాత్రం ఈ వాయిదా దారి మూసుకుపోతుంది, బిల్డ్ ఎర్రర్ ఇస్తుంది. అప్పుడు ఐడీని డేటా పార్టిషన్‌లో రాసే చిన్న సిస్టమ్‌డీ (బూట్‌లో సర్వీసులు నడిపే ప్రోగ్రామ్) సర్వీసు రాసుకోవడమే.