ధైర్యం సంగతి తర్వాత, ముందు ఆ మాత్రల సంగతి చూడండి

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఆరేళ్లుగా రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్లవాతం) ఉంది. వారానికోసారి వేసుకోమని మెథోట్రెక్సేట్ రాశారు. నెలన్నర వాడినా గుణం కనిపించక మానేశాను. నొప్పులు పెరిగితే పాత మందుల చీటీ చూపించి ప్రెడ్నిసొలోన్ కొనుక్కుంటున్నాను. ఈమధ్య రోజూ వేసుకోవాల్సి వస్తోంది. రాత్రిళ్లు నిద్ర లేదు, చిన్న మాటకే ఏడుపొస్తోంది. జీవితాంతం ఈ జబ్బుతో బతకడానికి మనోధైర్యం ఎలా తెచ్చుకోవాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు ధైర్యం గురించి అడిగారు కానీ, నా చూపు ప్రెడ్నిసొలోన్ దగ్గరే ఆగిపోయింది. అది స్టెరాయిడ్. ఎంత మోతాదు, ఎన్ని వారాలుగా వేసుకుంటున్నారో రాయలేదు. నాకు ముందుగా తెలియాల్సింది అదే.

అలాగని ఇది చదివి రేపే మానేయకండి. మూడు వారాలకు మించి రోజూ వాడితే, ఒంట్లో కార్టిసాల్ అనే సహజ స్టెరాయిడ్ హార్మోన్‌ను తయారుచేసే అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. ఉన్నట్టుండి ఆపితే వాంతులు, లేవలేనంత నీరసం రావచ్చు, బీపీ పడిపోవచ్చు. ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. మోతాదును డాక్టర్ పర్యవేక్షణలో మెల్లగా తగ్గించాలి.

ఇక నిద్ర, కన్నీళ్లు. వీటిని మీ మనసు బలహీనతగా లెక్కవేసుకున్నారు. అది తొందరపాటు. స్టెరాయిడ్ నిద్ర చెడగొడుతుంది, మనసును కుదురుగా ఉండనివ్వదు. అదుపులో లేని కీళ్ల వాపు కూడా మనిషిని కుంగదీస్తుంది. ఈ జబ్బు ఉన్నవారిలో రక్తహీనత, డిప్రెషన్ ఎక్కువగానే చూస్తాం. రెండు వారాలకు పైగా దిగులు వదలకపోయినా, ఇష్టమైన పనుల మీద ఆసక్తి పోయినా డాక్టర్‌కు చెప్పండి, దానికి చికిత్స ఉంది. చనిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి ఆసుపత్రికి వెళ్లండి.

మెథోట్రెక్సేట్ ఫలితం తెలియడానికి సాధారణంగా 6 నుంచి 12 వారాలు పడుతుంది. గుణం మొదలయ్యే వేళకే మీరు ఆపేశారు. ఈ సంగతి మీకు మొదటే ఎవరైనా విడమరిచి చెప్పాల్సింది. స్టెరాయిడ్ అలా కాదు, రెండు మూడు రోజుల్లోనే హాయినిస్తుంది. 1948లో అమెరికా డాక్టర్ ఫిలిప్ హెంచ్ బృందం ఈ జబ్బుకు తొలిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, కదలలేని రోగి కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. 1950లో ఆ పరిశోధనకు నోబెల్ బహుమతి వచ్చింది. దాని దుష్ఫలితాలు బయటపడటానికీ ఎంతో కాలం పట్టలేదు. ఎముకలు గుల్లబారడం, షుగర్, కంటిశుక్లం, ఇన్ఫెక్షన్లు. పాత చీటీ మీద ఆ రోజు పరిస్థితికి రాసిన మందు ఉంటుందమ్మా. ఏళ్ల తరబడి దాన్నే పట్టుకుని కొనుక్కోవడం తప్పు.

మెథోట్రెక్సేట్‌నూ మీ అంతట మీరు మళ్లీ మొదలుపెట్టకండి. రక్తకణాలు, కాలేయం, కిడ్నీ పరీక్షలు కావాలి. వారానికోసారి వేసుకోవాల్సిన మందును పొరపాటున రోజూ వేసుకుంటే ప్రమాదం. గర్భం వచ్చే అవకాశం ఉంటే ముందే చెప్పాలి.

ధైర్యం మాటకొస్తే, పొద్దున్నే రెండు గంటలు బిగుసుకుపోయే చేతులు పావుగంటలో వదులైన రోజున చాలామందికి అది దానంతటదే తిరిగి రావడం చూశాను. అందాకా పనులు విడతలుగా చేసుకోండి, నొప్పిని ఇంట్లోవాళ్ల దగ్గర దాచకండి.

మిమ్మల్ని చూడకుండా మోతాదులు చెప్పలేను. వాడుతున్న మాత్రల అట్టలు, ఆ పాత చీటీ తీసుకుని ఈ వారమే రుమటాలజిస్ట్‌ను (కీళ్లవాతం చూసే డాక్టర్‌ను) కలవండి. రోజూ పొద్దున చేతులు ఎంతసేపు బిగుసుకుని ఉంటున్నాయో రాసుకుని వెళ్లండి. ఈలోగా జ్వరం వస్తే ఆ అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే చూపించుకోండి. స్టెరాయిడ్ వాడేవారిలో ఇన్ఫెక్షన్ లక్షణాలు పైకి తక్కువగా కనిపిస్తాయి.